బొట్టు పెట్టిన స్కాచి సీసా

బాసర సరస్వతమ్మ ముందట కూచోబెట్టి నాకు పలక మీద మొదటి అక్షరం దిద్దించిండ్రు. ఆ అమ్మ మీద ఒట్టు, ఆ పలక మీద ఒట్టు, ఇప్పుడు నా చేతిలో ఉన్న ఈ కలం మీద ఒట్టు, కింద రాసే ప్రతి మాటా నిజం. మా ఇంటామె మీద కూడ ఒట్టు పెట్టుకుందామని నోరు తెరిచిన గాని, వంటింట్ల నుంచే "నా జోలికి రాకు" అన్నది. ఇన్నేండ్లల్ల నేను తన మీద పెట్టుకున్న ఒట్లకు తను ఇంకా బతికి ఉండుడే వింత అని ఆమె అంటుంటది.

నేను కథలు అల్లుతనని మా దిక్కు పేరున్నది. కవ్వాల అడవిలో పెద్దపులి నా సైకిలు వెనుక క్యారియర్ మీద కూచొని రెండు మైళ్లు వచ్చి, దిగేటప్పుడు తోక ఊపిందని చెప్పిన మాట వాస్తవమే. అది పొద్దుపోక చెప్పింది. ఇది సీసా సంగతి, పులి సంగతి కాదు. సీసాను కండ్లారా చూసినవాళ్లు ఇంకా ఇద్దరు ముగ్గురు ఉన్నరు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ మరుసటేడు నేను గోదావరి ఒడ్డు మీద ఒక చిన్న ఊళ్లె ఆబ్కారీ ఆఫీసుల గుమాస్తాను. ఎవరు కల్లు గీస్తున్నరు, ఎవరు సారా కాస్తున్నరు, ఎవరి దగ్గర పర్మిటు ఉన్నది అని చూసే ఆఫీసు అది. నేను టెంపరరీ గుమాస్తాను. నాలుగేండ్ల సంది టెంపరరీ. హైదరాబాద్ రాష్ట్రమే పోయి ఇంకో రాష్ట్రం వచ్చింది గాని నా పేరు పక్కన ఆ ముక్క పోలే.

ఆ ముక్క పోకుంటే నాకేం నష్టమంటరా? మా మామ జగిత్యాలలో కూచొని "అల్లుని నౌకరి పక్కా అయినంక బిడ్డను పంపుత" అని పట్టు పట్టిండు. పెండ్లయి రెండేండ్లు దాటింది. పండుగకు పోతే గారెలు, సకినాలు పెట్టి, "అల్లుడు పోయిరా" అని పొద్దుగాల మొదటి బస్సుకే ఎక్కిస్తుండె. నా పెండ్లాంతోని మాట్లాడాల్నంటే మా అత్త, మామ, ఇద్దరు బామ్మర్దులు, ఇంటి ముందటి కుట్టుమిషన్ ఆయన, ఇందరు సాక్షులు కావాలె.

నన్ను పక్కా చేయాల్నంటే సూపర్డెంటు సారు ఒక్క వాక్యం రాయాలె. "ఈ గుమాస్తా పనికి వచ్చును" అని. అంతే. ఆ కాయితం ఆయన తోలు సంచిలో ఆరు నెలల సంది ఉన్నది.

సూపర్డెంటు సారు కోస్తా దిక్కు నుంచి కొత్తగా వచ్చిండు. వాళ్ల జిల్లాలల్ల మద్య నిషేధం. చుక్క దొరకని ఊళ్లె పుట్టి, చుక్క దొరకని జిల్లాలల్ల కొలువు చేసి, చుక్కల శాఖకు పెద్ద అయి మా మీదికి వచ్చిండు. ఆయన మాటలు మాత్రం వేరే తీరుగ ఉండేటివి. "మద్రాసులో ఇంగ్లీషు దొరల పక్కన కూర్చుని పుచ్చుకున్నవాణ్ణోయ్ నేను. నాలిక మీద చుక్క పడితే చాలు, ఏ దేశపుదో, ఏ పీపాలోదో చెప్పేస్తాను" అని వారానికి రెండుసార్లు చెప్పేటోడు. మేము వినేటోళ్లం. పక్కా కావాల్సినోనికి చెవులు పెద్దగ ఉండాలె.

ఆయన చేతిలో ఎప్పుడూ ఒక అట్ట పుస్తకం ఉండేది. దొంగసారాను ఎట్ల గుర్తుపట్టాలె అని అందులో ఉన్నది. అందులో మూడో గుర్తు ఆయనకు బాగా నచ్చినది: మాడు వాసన. కుండ అడుగంటితే సారాకు పొగ కంపు పడుతది, దొంగచాటుగ హడావుడిగ కాచినోళ్లకే కుండ అడుగంటుతది, కాబట్టి పొగ కంపు ఉంటే అది దొంగసారా. పుస్తకంల ఉన్నది ఇంతే. ఆయనకు ఉన్న ఇల్మంత, తెలివంత కూడ ఇంతే.

ఇగ సీసా సంగతికి వస్త.

మా ఊరికి నాలుగు మైళ్ల దూరాన ఒక దొర గడి ఉండె. జాగీర్లు పోయినయి, వెట్టి పోయింది, దొర మీసం మాత్రం పోలే. ఆ దొర తండ్రి కాలంల ఒక తెల్లదొర ఆదిలాబాద్ అడవుల్ల పులివేటకు వచ్చిండట. తెల్లదొర తుపాకి పేల్చిండు, గుండు పోయి టేకు చెట్టుకు తగిలింది. పక్కన నిలబడ్డ ఆ తండ్రి, మన పెద్దదొర, పేల్చిండు, పులి పడ్డది. పెద్దదొర తుపాకి వెనుక దాచుకొని "హుజూర్, మీ గుండే తగిలింది" అన్నడట. ఆ సంతోషానికి తెల్లదొర తన పెట్టెలకెల్లి ఒక సీసా తీసి ఇచ్చిండు. స్కాచి. అదీ మామూలుది కాదు. అప్పటికే పీపాలో ఇరవై ఏండ్లకు మించి నిద్రపోయి లేచింది. తెల్లదొర సీసాను పసిపిల్లను ఇచ్చినట్టు రెండు చేతుల్ల పెట్టి ఇచ్చిండని మా దొర చెప్పేటోడు.

పెద్దదొర తాగేది ఒకటే, తన బావి కాడి ఈతచెట్టు కల్లు. అందుకే సీసా విప్పలే. పులి వేటల దొరికింది కాబట్టి తుపాకుల అల్మారీల పెట్టిండు. తుపాకుల అల్మారీల ఉన్నది కాబట్టి దసరానాడు ఆయుధపూజకు తుపాకులతోని పాటు బయటికి వచ్చింది. బయటికి వచ్చింది కాబట్టి దొరసాని దానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. మెడ చుట్టూ ఉన్న తగరపు కాయితం మీద పసుపు పట్టక జారుతుంటే, ఆ కాయితం ఒలిచి పారేసి మెడకు కంకణం కట్టింది. మొదటేడు అయ్యగారు కొద్దిగ తటపటాయించిండట, దీనికి ఏ మంత్రం చదవాల్నని. "కత్తికి చదివిందే చదువు" అన్నడు పెద్దదొర. అయిపోయింది. అప్పటి నుంచి ఇరవై అయిదారు దసరాలు ఆ సీసా పసుపు పూసుకున్నది, బొట్టు పెట్టుకున్నది, జమ్మి ఆకు అందుకున్నది. ఊళ్లె జనం వరుసగ వచ్చి తుపాకులకు మొక్కి, కత్తులకు మొక్కి, దానికీ మొక్కి పోయేటోళ్లు. పోలీసు యాక్షన్ ముందటి గడబిడల గడి మీద పడ్డోళ్లు తుపాకులన్నీ ఎత్తుకపోయిండ్రు, సీసాను మాత్రం ముట్టలే. బొట్టు ఉన్నదని భయపడ్డరో, కాళ్లనొప్పుల తైలం అనుకున్నరో.

మా దొర ఆ ఏడు ఈతచెట్ల గుత్త మళ్ల తనకే రావాల్నని సూపర్డెంటు సారును ఆదివారం పగటి భోజనానికి పిలిచిండు. ముందటి సారు వస్తే కోడిపులుసు సరిపోయేది. ఈ సారు మద్రాసుల తెల్లదొరల పక్కన కూచున్న మనిషి అని విని, సీసానే విప్పుదామని కూచున్నడు. శనివారం నాకు కబురు పంపిండు. నేను ఇంగ్లీషు చదవగలిగే గుమాస్తాను కద.

"జర దీని మీద ఏమున్నదో చదివి చెప్పు పంతులూ" అన్నడు. నేను ఏనాడూ బడి చెప్పలే గాని, చదువు వచ్చినోడు ఎవడైనా ఆయనకు పంతులే.

చూస్తే సీసా మీద కాయితం కనబడుతనే లేదు. పసుపు, కుంకుమ, ఆముదం, ధూపం మసి, ఇరవై అయిదేండ్లవి పొరలు పొరలు పేరుకొని గోడకు సున్నం వేసినట్టున్నది. తడిబట్టతోని మెల్లగ తుడిచిన. పసుపుతోని పాటు అక్షరాలు కూడ బట్టకే అంటుకొని వచ్చినయి. మిగిలింది ఏదో దీవి పేరులో సగం, ఇరవై పైన ఒక అంకె, మూలకు సింహమో కుక్కనో తోక.

"ఏమున్నది?" అన్నడు దొర.

"చాలా గొప్పగ ఉన్నది దొరా" అన్న.

"గదే అనుకున్న" అన్నడు.

ఆదివారం పగటియాల్ల. గడి ముందటి హాల్ల సారు, దొర కుర్చీలల్ల, నేను స్టూలు మీద. నన్ను పిలిచింది చదివి చెప్పెతందుకు. సారు తన తోలు సంచిని కుర్చీ కాలుకు ఆనిచ్చి పెట్టుకున్నడు. నా కండ్లు సీసా మీద లేవు, సంచి మీద ఉన్నయి.

బిరడా తీస్తుంటే సగం విరిగి లోపల పడ్డది. కొత్త సెల్లా గుడ్డ అడ్డం పెట్టి వెండి గ్లాసులల్లకు వడగట్టిండ్రు, పాలు వడగట్టినట్టు. ఆ వాసన హాలంత పాకింది. నాకు మొదలు యాదికొచ్చింది మా ఊరి దవాఖాన. గాయానికి రాసే టించరు వాసన. దాని వెనుక, పొలంల కొయ్యకాళ్లు కాలబెట్టినంక వాన పడితే వచ్చే వాసన. ఇంకా వెనుక ఏదో తియ్యగ, తడిగ. ముక్కుకు అందీ అందకుంట.

సారు గ్లాసు ఎత్తి దీపం చూసినట్టు చూసిండు. ఒక్క గుటక వేసిండు. వేసినంక ఆయన మొకం మీద జరిగింది నేను రాయలేను. కండ్లు ముందుకొచ్చినయి, చెవులు వెనుకకు పోయినయి. దగ్గు రాబోయింది, దాన్ని మింగిండు. తెల్లదొరల పక్కన కూచున్న మనిషి దగ్గుతడా?

"ఏవండీ" అన్నడు గొంతు సవరించుకొని. "ఇది మాడు వాసన వస్తోందే."

"తెల్లదొరల సరుకు కద సార్, గట్లనే ఉంటదేమో" అన్నడు దొర.

"మీరు ఇదివరకు పుచ్చుకున్నారా?"

"మేము దీనికి మొక్కుతం సార్. తాగం."

సారు గ్లాసు కింద పెట్టిండు. సీసాను తిప్పి తిప్పి చూసిండు. మీద కాయితం లేదు, మూతి మీద తగరం లేదు, మెడకు పసుపు దారం ఉన్నది. ఆయన చెయ్యి మెల్లగ అట్ట పుస్తకం దిక్కు పోయింది. మూడో గుర్తు ఉన్న పేజీ మడతపెట్టి ఉన్నది.

"నాకెందుకో అనుమానంగా ఉందండీ. కుండ అడుగంటిన సారా ఇది."

దొర మొకం కందింది. ఇరవై అయిదు దసరాలు మొక్కింది మాడిపోయిన సారాకా? ఆ కోపంల, ఎదురుంగ కూచున్నది ఎవరో మరిచిపోయి, తన జన్మల చేయనంత పెద్ద తప్పు చేసిండు.

"మాడిందో లేదో మీరు నేను అనుకునుడు ఎందుకు సార్. ఎనుక పెరట్ల మా ముసలామె ఉన్నది. యాభై ఏండ్ల సంది ఇప్పసారా కాస్తుంది. దాని ముక్కుకు మించిన ముక్కు ఈ రెండు జిల్లాలల్ల లేదు. పిలుస్తనుండు" అన్నడు.

ఆబ్కారీ సూపర్డెంటుకు, తన పెరట్ల సారా కాసే మనిషి ఉన్నదని, దొర స్వయంగ, గర్వంగ చెప్పిండు. నేను స్టూలు మీద కండ్లు మూసుకున్న.

ఆమె గురించి మా ఆఫీసుల అందరికీ ఎరుకే. కాయితం మీద ఆమె లేదు, అంతే. బాలింతలకు ఇంత, జాతరకు ఇంత, గడికి ఇంత కాచేది. ఇప్పపువ్వు ఏ అడవిలో ఏరిందో, ఎన్ని రోజులు ఎండిందో, కుండ కొత్తదా పాతదా, ఆమె వాసన చూసి చెప్పేది. వెనుకటి సారుకు జ్వరం వస్తే ఆమె దగ్గరికే మనిషిని పంపేటోడు.

వచ్చి గడప అవతలనే నిలబడ్డది. కొంగు నడుముకు చెక్కి ఉన్నది, చేతులకు బూడిద.

"పిలిచినవట దొరా, కాల్మొక్త."

"గీ గ్లాసుల ఉన్నది చూసి చెప్పు. మాడిందా?"

ఆమె గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకోలే. అరచేతుల రెండు చుక్కలు పోసుకొని, రెండు చేతులు కలిపి రుద్ది, తడి ఆరినంక మొకానికి దగ్గర తెచ్చుకున్నది. ఇంకోసారి పోసుకున్నది. ఈసారి నాలిక కొసన ఆనిచ్చి, తల వంచి నిలబడ్డది. మేము ముగ్గురం ఆమె దిక్కే చూస్తున్నం, దవాఖానల నాడి పట్టుకున్న డాక్టరును చూసినట్టు.

"మాడలే దొరా" అన్నది. "కుండ మాడితే నాలిక మీద చేదు నిలుస్తది. గిది నిలుస్తలేదు. గీ పొగ ఎవలో కావాల్నని పెట్టిండ్రు."

"ఇప్పపువ్వేనా?" అన్నడు సారు.

"పువ్వు గాదయ్యా. బెల్లం గాదు. ఏదో గింజ. నానబెట్టి మొలక తీసిన గింజ. మస్తు ఏండ్లు కట్టెల ఉన్నది. గా కట్టె కూడ మన దిక్కుది గాదు."

"పొగ దేనిదవ్వా?" అని నేనే అడిగిన. అడగకుంట ఉండలేకపోయిన.

ఆమె మళ్ల అరచేయి వాసన చూసుకున్నది. "కట్టెపొగ గాదు బిడ్డా. బొగ్గు గాదు. పిడక గాదు. గీళ్లు మట్టిని కాల్చిండ్రు."

సారు నవ్విండు. సారు నవ్వినందుకు దొర నవ్విండు. దొర నవ్వినందుకు నేను నవ్విన.

"మట్టి కాలిస్తే ఇటుక వస్తుంది, పొగ రాదు" అన్నడు సారు.

"నాకేమెరుక అయ్యా. ముక్కుకు వచ్చింది చెప్పిన" అన్నది ఆమె.

సారు నవ్వు ఆపిండు. కుర్చీల నిటారుగ కూచున్నడు. "అయితే నీకు సారా కాయడం ఇంత క్షుణ్ణంగా తెలుసన్నమాట. గింజ నువ్వే నానబెట్టావు. పొగ నువ్వే పెట్టావు. ఎక్కడిదో ఖాళీ సీసాలో నువ్వే పోశావు." నా దిక్కు తిరిగి, "ఏమోయ్ గుమాస్తా, కాగితం తియ్యి. పంచనామా రాయి. సీసా విదేశీ, సరుకు నాటు. కాచినది ఈ ముసలిది" అన్నడు.

దొర చూస్తుండు. ఆయనకు అప్పుడు వెలిగింది, తన నోటితోని తను ఏం చెప్పిండో. ఆమె కాచింది కాదంటే సీసా ఎవరిదో చెప్పాలె. పర్మిటు లేని సీసా, గడి అల్మారీల. ఆయన మీసం సవరించుకొని తన ఇంటి గోడనే కొత్తగ చూసినట్టు చూసిండు.

నేను కాయితం తీసిన. కలం సిరాల ముంచిన. తోలు సంచి నా మోకాలుకు జానెడు దూరంల ఉన్నది. అందుల నా పెండ్లాం, నా కాపురం, మా మామ నోరు మూయించే ఒక్క వాక్యం ఉన్నయి.

అప్పుడు ఏం చేసిన్నంటే, కలం కింద పెట్టి లేచిన.

"సార్, రాసేముందు సీసా మీద ఉన్నది ఒక్కసారి చదవాలె గద. పంచనామాల అది కూడ రాయాలె" అన్న.

"ఏముంది దాని మీద? పసుపు."

"పసుపు కింద ఉన్నది సార్. నిన్న తుడిచినప్పుడు చూసిన." సీసాను కిటికీ దగ్గరికి తీసుకపోయి, ఎండకు పట్టి, సగం దీవి పేరును, తోక ఒక్కటే మిగిలిన ఆ జంతువును చూసుకుంట, చర్చిల పాదిరి చదివినట్టు ఇంగ్లీషుల ఏదేదో గట్టిగ చదివిన. చదివి తెలుగుల చెప్పిన. "ఏమున్నదంటే సార్, ‘ఈ ద్రవము పొగతో చేయబడినది. మొదటి గుటకలోనే ఈ పొగను పసిగట్టగలవాడు లక్షమందిలో ఒక్కడుండును. అట్టివాడు ఎదురైననాడే ఈ సీసా విప్పవలెను. ఇతరులకు ఇది మాడు సారా వలె తోచును.’"

సారు మొకంల రెండు రకాల మనుషులు కొట్లాడుకునుడు కనబడ్డది. ఒకడు పుస్తకంల మూడో గుర్తు చదివినోడు. ఇంకొకడు మద్రాసుల తెల్లదొరల పక్కన కూచున్నోడు. రెండోవాడే గెలిచిండు.

"నేను చెప్పలేదటోయ్" అన్నడు నెమ్మదిగ. "గుటక వెయ్యగానే ఏమన్నాను? పొగ అన్నానా, లేదా?"

"మొదటి గుటకకే అన్నరు సార్."

"మాడు అన్నరు" అన్నడు దొర, అర్థం కాక.

"పొగ అనే అన్నాను" అన్నడు సారు.

ఆ తర్వాత ఆయన మూడు గ్లాసులు తాగిండు. ప్రతి గుటకకు కండ్లు ముందుకొచ్చినయి, చెవులు వెనుకకు పోయినయి, ప్రతిసారి "అమోఘం" అన్నడు. నాలుగో గ్లాసుకు ముసలామెను చూసి, "నీ ముక్కు కూడా ఫరవాలేదమ్మా, నా అంత కాకపోయినా" అన్నడు. ఆమె కాల్మొక్కి పెరట్లకు పోయింది. అన్నం తినుకుంటనే ఆయన తోలు సంచి విప్పి నా కాయితం తీసి, కోడిపులుసు అంటిన వేలితోనే "ఈ గుమాస్తా పనికి వచ్చును" అని రాసి దస్కతు చేసిండు. ఇప్పటికీ నా సర్వీసు పుస్తకంల ఆ కాయితం మీద పులుసు మరక ఉన్నది. మా మామ పదిహేను రోజులకు బిడ్డను, ఒక పందిరిమంచాన్ని, ఒక బర్రెను కచ్చరం బండిల ఎక్కించుకొని స్వయంగ దింపిపోయిండు.

పదేండ్లు గడిచినయి. నస్పూరు దిక్కు బొగ్గుబావుల కాడ ఒక ఇంజనీరు ఉండె. మన దిక్కు మనిషే, చదువు కోసం స్కాట్లాండు పోయి వచ్చిండు. ఆయన బంగ్లాల ఏదో పర్మిటు చూసెతందుకు పోతే, ముసురు పట్టిన పగలు, వరండల కూచోబెట్టి చిన్న గ్లాసుల ఇంత పోసిచ్చిండు. ముక్కు దగ్గరికి తెచ్చుకున్ననో లేదో, ఆ హాలు, ఆ సెల్లా, ఆ వెండి గ్లాసులు, అన్నీ వచ్చి ముందట నిలబడ్డయి. మెల్లగ తాగిన. మొదలు టించరు, ఆ వెనుక కాలిన పొలం, దాని వెనుక, ఈసారి అందింది, ఎండిన చెరువు మీద మొదటి చినుకు పడ్డప్పటి తీపి. గొంతు దిగినంక కూడ చానసేపు పోలే. చేదు మాత్రం నిలవలే.

"గీ పొగ దేనిది సార్?" అని అడిగిన.

"ఆ దీవులల్ల కట్టె తక్కువ" అన్నడు ఇంజనీరు. "వేల ఏండ్ల సంది కుళ్లిన గడ్డితోని నేల నల్లగ, మెత్తగ ఉంటది. దాన్ని ఇటుకల తీరు కోసి, ఎండబెట్టి, కాలుస్తరు. ఆ పొగ మీద మొలకెత్తిన గింజను ఆరబెడుతరు."

"అంటే మట్టిని కాలుస్తరా?"

"మట్టినే అనుకో."

నేను గ్లాసు కింద పెట్టిన. ఇంజనీరు, ఇంతకు ముందు ఎప్పుడైనా తాగినవా అని అడిగితే, ఈ కథంత ఆయనకు చెప్పిన. కడుపుబ్బ నవ్విండు. సీసా మీద ఉన్నదని నేను చదివిన మాటలను రెండుసార్లు చెప్పించుకున్నడు. అప్పటి నుంచి ఎక్కడ నలుగురు కూచున్నా ఈ కథ అడుగుతరు, నేను చెప్త, ఆ చదివే ముచ్చట రాంగనే అందరు చేతులు చరుస్తరు.

మొదట్ల ఒట్టు పెట్టిన కాబట్టి ఇప్పుడు ఏది అల్లిందో చెప్పాలె. సీసాకు బొట్టు పెట్టింది అల్లింది కాదు, మీరు ఏమనుకున్నా సరే. సారు చెవులు వెనుకకు పోయింది నిజం. పులుసు మరక నిజం, మా మామ బర్రె నిజం. ఆమె మట్టి అన్నది నిజం. అల్లింది ఒకటే ముక్క. కలం కింద పెట్టి లేచిన అని రాసిన చూడుండ్రి, అక్కడి నుంచి సారు నాలుగో గ్లాసు దాక. ఆ సీసా మీది మాటలు నాకు మొదటిసారి తట్టింది ఇంజనీరు వరండల, ఆయన అడిగినప్పుడు. పదేండ్లు ఆలస్యంగ తట్టినయి.

ఆ ఆదివారం నేను లేవలే. సారు చెప్పిందే రాసిన. సీసా విదేశీ, సరుకు నాటు, కాచింది ఈమె. దొర ఇంకో దిక్కు చూసుకుంటనే కింద సాక్షి దస్కతు పెట్టిండు, ఆ ఏడు గుత్త ఆయనకే వచ్చింది. సారు నమూనా అని సీసాను సంచిలో పెట్టుకున్నడు. పెట్టుకునేముందు నా కాయితం తీసి, అన్నం చెయ్యి కడగకుంటనే, ఆ ఒక్క వాక్యం రాసిండు. సారు వెంట వచ్చిన ఆఫీసు నౌకరు పెరట్లకు పోయి ఆమె రాగికుండను, గొట్టాన్ని సైకిలుకు కట్టుకొని వచ్చిండు.

ఆమెకు చదువు రాదు. నిశాని వేయాలె. సిరా అద్దెతందుకు ఆమె బొటనవేలు పట్టుకున్నది నేనే. కాయితం మీద నా అక్షరాల దిక్కు కాసేపు చూసింది.

"బిడ్డా, పొగ మట్టిదని రాసినవా?" అన్నది.

"రాసిన అవ్వా" అన్న.